చేతులు ఆన్చకుండా లేవగలరా?

(అక్టోబరు 1, వృద్ధుల దినోత్సవం రోజున ఒక పెన్షనర్ల సంఘం సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. శాలువా కప్పారు, దండ వేశారు, చాలా సంతోషం. ఒక్క సంగతి చెబుతాను, కోప్పడకండి. నేను లోపలికి వస్తుంటే మర్యాద కోసం మీరందరూ లేచి నిలబడ్డారు కదా, అప్పుడు నేను మీ మొహాలు చూడలేదు, చేతులు చూశాను. ముందు వరసలో పదకొండు మంది ఉన్నారు. ఏడుగురు కుర్చీ చేతుల మీద బలం వేసి లేచారు. ఒకాయన పక్కాయన భుజం పట్టుకున్నారు. ఒక పెద్దమ్మగారు రెండుసార్లు ముందుకి ఊగి, మూడో ఊపులో లేచారు. చేతులు ఎక్కడా ఆన్చకుండా లేచినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకరు మీ ట్రెజరర్ గారి మనవడు. (నవ్వులు)

నవ్వండి గానీ, ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

సెక్రటరీ గారు ఫోన్ చేసి, "బీపీ, షుగరు, గుండె, కీళ్ళు, మతిమరుపు, అన్నీ వచ్చేట్టు ఒక ముప్పావుగంట చెప్పండి డాక్టర్ గారూ" అన్నారు. చెప్పొచ్చు. మీరు ఇంటికి వెళ్ళేసరికి టిఫిన్‌లో వడ బాగుందన్నది తప్ప ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒకే ఒక్క విషయం పట్టుకొచ్చాను. పడిపోవడం. పెద్దవయసులో మనిషి తన ఇంట్లోనే, రోజూ తిరిగే చోటే తూలి కింద పడిపోవడం. బీపీ, షుగరు, కళ్ళు, తిండి, నిద్ర, ఇవన్నీ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి, చూస్తూ ఉండండి.

దీన్ని మనం జబ్బు కింద లెక్కేయం. ఎలా పడ్డారండీ అంటే "కాలు జారింది" అంటారు. ఇంకొంచెం అడిగితే "టైమ్ బాగాలేదు". మరీ గుచ్చి అడిగితే ఏలినాటి శని దాకా వెళ్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ పోయేవాళ్ళలో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. అందులో ఎక్కువమంది 60 దాటినవాళ్ళు. మనవడు బండి తీస్తే హెల్మెట్ పెట్టుకోరా అని గుమ్మం దాకా వెంటపడతాం. మనం మాత్రం సబ్బునీళ్ళ గచ్చు మీద అరిగిపోయిన హవాయి చెప్పులతో నడుస్తాం.

పడ్డవాళ్ళందరికీ ఏదో అయిపోతుందని కాదు. తుంటి ఎముక విరిగిందంటే మాత్రం లెక్క మారిపోతుంది. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో సుమారు ఐదుగురికి ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారు. ఎముక విరగడం వల్ల కాదు, మంచాన పడడం వల్ల. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, నడుం కింద పుండ్లు పడడం, తిండి సయించకపోవడం, ఇవన్నీ వరసకట్టి వస్తాయి.

మా అమ్మ సంగతి చెబుతాను. పదకొండేళ్ళయింది. అప్పుడు ఆమెకి 76. కార్తీకమాసం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ వారం బీపీ కొంచెం ఎక్కువ చూపిస్తోందని, వాడుతున్న మందుకి తోడు ఇంకో మాత్ర చేర్చాను. రాత్రి భోంచేశాక వేసుకో అమ్మా అన్నాను. నిద్ర పట్టడంలేదురా అంటే దానికీ ఒక అర బిళ్ళ ఇచ్చాను. నాలుగో రోజు తెల్లవారకముందే పెద్ద చప్పుడు. స్నానాలగది గుమ్మం దగ్గర పడి ఉంది. కుడికాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంది. ఎక్స్‌రే తీయకముందే నాకు తెలిసిపోయింది.

ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. ఆ క్లియరెన్సు, ఈ క్లియరెన్సు అని మూడు రోజులు మంచం మీదే ఉంచారు. తుంటి విరిగితే వీలైనంతవరకూ ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలి. డాక్టర్‌ని అయ్యుండి నేనూ బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్ అయింది, అమ్మ లేచింది, ఇంకో నాలుగేళ్ళు బతికింది. తులసికోట దగ్గరికి మాత్రం వాకర్‌తోనే వెళ్ళింది.

చూడడానికి వచ్చినవాళ్ళందరూ "తడి గచ్చు కదా, పాపం" అన్నారు. నేనూ తల ఊపాను. ఆ గచ్చు ముప్ఫయ్యేళ్ళుగా తడిగానే ఉంది. ముప్ఫయ్యేళ్ళూ ఆమె దాని మీదే నడిచింది. ఆ వారం కొత్తగా వచ్చింది నేను రాసిన మాత్రలు. అది ఒప్పుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

(కాసేపు ఆగి) సరే.

మనం పడుకుని ఉన్నప్పుడు రక్తం ఒళ్ళంతా సమంగా సర్దుకుని ఉంటుంది. లేచి నిలబడగానే అందులో అరలీటరు దాటి కాళ్ళలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి, మెదడుకి అందాల్సింది అందిస్తాయి. ముప్ఫయ్యేళ్ళ వయసులో ఇదంతా మనకి తెలియకుండానే జరిగిపోతుంది. డెబ్భై దాటాక ఆ బిగింపు నెమ్మదిస్తుంది. పైన బీపీ మాత్ర, ప్రోస్టేట్‌కి వాడే కొన్ని రకాల మాత్రలు, నీళ్ళు పోయే మాత్ర ఉంటే ఇంకా నెమ్మదిస్తుంది. ఆ రెండు మూడు నిమిషాలే ప్రమాదం. కళ్ళు బైర్లు కమ్మడం, తల తేలిపోవడం అంటారే, అదే.

కనిపెట్టడం చాలా తేలిక. పడుకోబెట్టి బీపీ చూడాలి, నిలబెట్టి ఒక నిమిషానికి, మళ్ళీ మూడో నిమిషానికి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే జాగ్రత్తపడాలి. మీలో ఎంతమందికి నిలబెట్టి బీపీ చూశారు? చేతులెత్తండి. ఒకటి... రెండు. అంతే. తప్పు మాదే. ఓపీలో వంద మంది ఉంటారు, కూర్చోబెట్టి పట్టీ చుట్టి పంపించేస్తాం. ఈసారి మీరే అడగండి, "నిలబెట్టి కూడా ఒకసారి చూడండి" అని. ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనివ్వండి.

ఇంకో మాట. బీపీ మాత్రలు మానేయమని నేను చెప్పడం లేదు. మానేస్తే పక్షవాతం కాచుక్కూర్చుని ఉంటుంది. రేపు ఎవరైనా వచ్చి "మీరేగా మీటింగులో మానేయమన్నారు" అంటే నేను ఒప్పుకోను, ఇదిగో రికార్డవుతోంది. (నవ్వులు) ఏ మాత్ర ఎంత, ఏ వేళకి వేసుకోవాలన్నది మీ డాక్టర్‌తో కూర్చుని సర్దుకోమంటున్నాను. మీరు చేయగలిగింది ఒకటుంది. నిద్రలేవగానే దిగ్గున లేవకండి. మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోండి, పాదాలు పైకీ కిందకీ ఇరవైసార్లు ఆడించండి. పిక్కలు పిండితే రక్తం పైకి వస్తుంది. దేవుడి దండం అక్కడే కూర్చుని పెట్టుకోండి, ఆ రెండు నిమిషాలూ వాటంతటవే గడిచిపోతాయి.

మందుల సంగతి ఎత్తాను కాబట్టి చెబుతాను. మొన్న ఒక లెక్కల మాస్టారు వచ్చారు. తూలు వస్తోందండీ అన్నారు. మీ మందులన్నీ తీసుకురండి అన్నాను. బట్టలకొట్టు సంచీ నిండా తెచ్చి బల్ల మీద గుమ్మరించారు. గుండె డాక్టర్ గారు రాసింది, షుగర్ డాక్టర్ గారు రాసింది, మోకాళ్ళ డాక్టర్ గారు రాసింది, మెడికల్ షాపు కుర్రాడు సొంతంగా ఇచ్చింది. పరకాయించి చూస్తే ఒకే బీపీ మందు రెండు పేర్లతో రెండు స్ట్రిప్పులు. ఒకటి తెల్లది, ఒకటి గులాబీ. నలభయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, ఏడు నెలలుగా రెట్టింపు మోతాదు మింగుతున్నారు. తప్పు ఆయనది కాదు, రాసిన మా ఇద్దరు ముగ్గురిదీ. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా చీటీ కాకుండా ఆ సంచీ పట్టుకెళ్ళండి.

ఆ సంచీలో నాకు భయం వేసేవి కొన్ని ఉంటాయి. నిద్రమాత్ర మొదటిది. రాత్రి ఒంటిగంటకి ఒంటికి లేస్తారు, కళ్ళు తెరిచే ఉంటాయి గానీ కాళ్ళు నిద్రలోనే ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. రెండోది జలుబుకి, దురదకి వేసుకునే పాతరకం మత్తు బిళ్ళలు. మూడోది నొప్పి బిళ్ళలు. అవి తూలు తెప్పించకపోవచ్చు, కానీ కిడ్నీలని పాడుచేస్తాయి, బీపీ పెంచుతాయి. బీపీ పెరిగిందని మేం ఇంకో మాత్ర చేరుస్తాం. అక్కడ మళ్ళీ మా అమ్మ కథ మొదలవుతుంది.

ఇక కాళ్ళు. అసలు సంగతి ఇది.

1990లో అమెరికాలో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆసుపత్రిలో పదిమందిని తీసుకున్నారు. సగటు వయసు 90. ఎవరూ గట్టి మనుషులు కారు, బాగా నీరసించినవాళ్ళు. వాళ్ళ చేత వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఒకరు మధ్యలో మానేశారు. మిగిలిన తొమ్మిది మందికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే దాదాపు రెండింతలు ముప్పావు అయింది. చేతికర్ర లేకుండా నడవనివాళ్ళు ఇద్దరు కర్ర పక్కన పెట్టేశారు. తొంభయ్యేళ్ళకండీ! ఇక్కడ మీలో తొంభై దాటినవాళ్ళు ఎవరున్నారు? ఆయనొక్కరేనా? మాస్టారూ, మిగతావాళ్ళంతా మీకంటే కుర్రాళ్ళు, వాళ్ళకి సాకు లేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న, సగటున 67 ఏళ్ళ మనుషుల్ని పదిరోజులు మంచం దిగకుండా ఉంచి చూశారు. పదిరోజుల్లో కాళ్ళలో సుమారు ఒక కిలో కండ కరిగిపోయింది. జ్వరం వచ్చి వారం పడుకుంటే లేవగానే కాళ్ళు వణకడం మీకూ అనుభవమే. ఒక వారంలో పోయిన కండ తిరిగి రావడానికి నెలలు పడుతుంది, అదీ పని చెబితేనే.

మనింట్లో ఏం చేస్తున్నాం? రిటైరైన రోజు దండలు వేస్తాం, మర్నాటి నుంచి "మీరు కూర్చోండి నాన్నా, నేను తెస్తాను". మంచినీళ్ళు కూర్చున్నచోటికి, కాఫీ కూర్చున్నచోటికి, ఆఖరికి రిమోట్ కూడా చేతిలోకి. ఒకావిడకి డాలస్‌లో ఉన్న కొడుకు కాళ్ళు నొక్కే మెషిన్ పంపించాడు. దాన్లో కాళ్ళు పెట్టుకుని రోజంతా సీరియల్స్ చూస్తుంది. ప్రేమే, కాదనను. కానీ అమ్మ కాళ్ళు నొక్కించుకోవడం కాదు కావాల్సింది, పని చేయించడం. మీ పిల్లలు విదేశాల నుంచి ఫోన్ చేసి ఏం పంపమంటావు అంటే, ఏమీ వద్దు, బాత్రూమ్ గోడకి స్టీలు రాడ్లు బిగించడానికి ఒక మంచి ప్లంబర్‌ని మాట్లాడిపెట్టు అని చెప్పండి.

పాతరోజుల్లో కిందకూర్చుని తినేవాళ్ళం. పీట మీద కూర్చోవడం, లేవడం, చెంబుతో వంగడం, అరుగెక్కడం, నూతిలో నీళ్ళు తోడడం. ఎవరూ ఎక్సర్‌సైజ్ అనలేదు. ఇప్పుడు సోఫా, డైనింగ్ టేబుల్, కమోడ్ వచ్చాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కమోడ్ వరం, దాన్ని నేనేమీ అనను, మళ్ళీ గొంతుకు కూర్చోమనీ అనను. కానీ తొడలకి ఉన్న ఆ ఒక్క పనీ పోయింది, దాని బదులు ఇంకో పని ఇవ్వాలి.

"రోజూ వాకింగ్ చేస్తున్నాం కదా" అంటారు. చేయండి. గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది. పార్కులో నలుగురు కలుస్తారు, రాజకీయాలు మాట్లాడుకుంటారు, అదీ మందే. కానీ తూలు పడకుండా ఉండడానికి వాకింగ్ ఒక్కటే చాలదు. 65 దాటినవాళ్ళు వారంలో కనీసం మూడు రోజులు కాళ్ళకి బలం, నిలకడ వచ్చే వ్యాయామాలు విడిగా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఇలాంటివే పెద్దవాళ్ళ చేత ఇంటి దగ్గర చేయించి చూస్తే పడిపోవడాలు మూడోవంతు తగ్గాయి.

చూపిస్తాను. ఆ కుర్చీ ఇటివ్వండి. ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది. ఆ చెక్క కుర్చీ గోడకి ఆన్చండి. ముందుకి జరిగి అంచున కూర్చోవాలి. పాదాలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి. చేతులు గుండెల మీద ఇలా అడ్డంగా. ముక్కు మోకాళ్ళ మీదుగా ముందుకి పోవాలి, అప్పుడు లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకూడదు, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. కండకి అసలు పని ఆ దిగడంలోనే ఉంది. పదిసార్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండోది వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం. ఫిల్టర్‌లో డికాక్షన్ దిగేలోపు ఇరవై అయిపోతాయి. మూడోది గోడ పక్కనే ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్ళు తగిలేట్టు పది అడుగులు నడవడం. ఒక చెయ్యి గోడకి దగ్గరగా ఉంచండి. ఒక్కరే ఉన్నప్పుడు ఇది చేయకండి.

(సభలోంచి ఒక ప్రశ్న)

మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందంటున్నారు అమ్మగారు. ఈ ఊళ్ళో గుజ్జు అరగనివాళ్ళు ఎవరమ్మా? తొడ కండ బలంగా ఉంటే మోకాలి మీద పడే బరువులో కొంత అది మోస్తుంది. కుర్చీ మీద రెండు దిండ్లు వేసుకుని ఎత్తు పెంచండి, అప్పుడు లేవడం తేలిక. పదిహేను రోజులకి ఒక దిండు తీసేయండి. మొదట్లో కొంచెం నొప్పిగా ఉంటుంది, ఫరవాలేదు. మోకాలు వాచి, వేడిగా ఉంటే మాత్రం ఆపి డాక్టర్‌కి చూపించండి.

కండ పెరగాలంటే పని ఒక్కటే చాలదు, తిండి కావాలి. పెద్దవయసులో మన తిండి ఎలా మారిపోతుందో గమనించారా? పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం లేదా రెండు పుల్కాలు. "తేలిగ్గా తినాలి డాక్టర్ గారూ" అంటారు. తేలిగ్గా తిని తేలిగ్గానే అయిపోతారు. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము, ఇంకొంచెం పైన మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 70 గ్రాములు. ఒక ఇడ్లీలో ఉండేది రెండు గ్రాముల లోపు. గుడ్డులో ఆరు. గ్లాసు పాలల్లో ఆరేడు. గిన్నెడు ముద్దపప్పులో ఏడో ఎనిమిదో. చారు లెక్కలోకి రాదు, అందులో పప్పు అడుగున ఎక్కడో ఉంటుంది. తినేవాళ్ళు గుడ్డు, చేప తినండి. తిననివాళ్ళు పప్పు, సెనగలు, పెసరట్టు, పెరుగు, పూటపూటకీ ఏదో ఒకటి ఉండేట్టు చూసుకోండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి.

ఆడవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సోమవారం, శనివారం, ఏకాదశి, ఇప్పుడొచ్చే కార్తీకమంతా నక్తాలు. భర్త పోయాక ఒంటిపూట భోజనం చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉపవాసం మానమనే ధైర్యం నాకు లేదు, మా అమ్మకే చెప్పలేకపోయాను. కానీ దీక్ష విడిచాక తినేది ఉప్మాతో సరిపెట్టకండి. పాలు, పెరుగు, నానబెట్టిన పెసరపప్పు, ఇవి ఏ దేవుడికీ అభ్యంతరం లేనివి. ఉపవాసం రోజున షుగర్ మాత్రలు మామూలుగానే మింగితే షుగర్ పడిపోతుంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

ఆవకాయ గురించి మాట్లాడను. రోజుకి ఉప్పు ఒక చెంచాకి మించకూడదని మాత్రం చెప్పి ఊరుకుంటాను, లేకపోతే వచ్చే ఏడాది నన్ను పిలవరు. (నవ్వులు)

పాదాలు. "దూది మీద నడిచినట్టు ఉంది", "చెప్పు ఊడిపోయినా తెలియడం లేదు" అనేవాళ్ళు ఉన్నారా? ఉన్నారు, తలలు ఊపుతున్నారు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే అలా ఉంటుంది. బి12 తగ్గినా అలాగే ఉంటుంది. శాకాహారులకి, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళకి బి12 తగ్గే అవకాశం ఎక్కువ. రక్తపరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. డి విటమిన్ గురించి ఒక్క ముక్క. 60,000 యూనిట్లది వారానికొకటి వేసుకోమని రాస్తే కొన్ని వారాలకే. పక్కింటాయన వాడుతున్నాడని ఏడాదంతా వేసుకునేది కాదు, అతిగా పడితే కిడ్నీలకే దెబ్బ.

కళ్ళు. శుక్లం ముదరాలి, అప్పుడే ఆపరేషన్ అన్నది పాతకాలం మాట. చూపు మసకబారి పనికి అడ్డం వస్తే చాలు, చేయించేసుకోవచ్చు. రెండు చూపులకీ ఒకే అద్దం వాడేవాళ్ళు మెట్లు దిగేటప్పుడు తల వంచి చూడండి. అద్దం కింది భాగం చదవడానికి పనికొచ్చేది, అందులోంచి చూస్తే మెట్టు అంచు మసగ్గా కనిపిస్తుంది. చెవులు వినపడకపోతే మిషన్ పెట్టించుకోండి. ముసలితనం బయటపడుతుందని మొహమాటపడతారు. మాటిమాటికీ "ఆఁ?" అంటుంటే అది ఎలాగూ బయటపడుతోంది.

ఇల్లు. ఇవాళ సాయంత్రమే చేయాల్సినవి చెబుతాను. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి రాడ్డు ఉండాలి. తువ్వాలు వేసుకునే రాడ్డు కాదు, అది మీ బరువుకి గోడతో సహా ఊడొస్తుంది. స్నానం ప్లాస్టిక్ కుర్చీలో కాకుండా గట్టి స్టూలు మీద కూర్చుని. అన్నిటికంటే ముఖ్యంగా, లోపల గడియ పెట్టుకోకండి. మా ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో తలుపు బద్దలుకొట్టి బయటికి తీసినవాళ్ళు ఎంతమందో! గంటన్నర సేపు తడి గచ్చు మీద పడున్నవాళ్ళు ఉన్నారు. సిగ్గైతే తలుపుకి ఒక తువ్వాలు వేలాడేయండి, లోపల మనిషి ఉన్నారని గుర్తు.

దసరా వస్తోంది. బూజుకర్ర పట్టుకుని స్టూలెక్కొద్దు. అటక మీద ఇత్తడి సామాను దించడానికి మనవణ్ణి పిలవండి. కార్తీకంలో నది స్నానానికి వెళ్ళేవాళ్ళు, ఘాట్ మెట్లకి పాచి పట్టి ఉంటుంది, చీకట్లో ఒంటరిగా దిగొద్దు. తెల్లారాక మునిగినా పుణ్యం తగ్గదు. చీర కుచ్చిళ్ళు, లుంగీ అంచు నేలకి ఒక అంగుళం పైనుండాలి.

ఇంత చెప్పినా పడతారు కొందరు. పడితే దాచకండి. నాకు బాగా తెలుసు, దాస్తారు. మోచేతి మీద కమిలిన మచ్చ చూసి ఏంటండీ ఇది అంటే "తలుపు తగిలింది" అంటారు. పిల్లలు కంగారుపడతారని ఒక కారణం. అసలు కారణం వేరే. అబ్బాయికి తెలిస్తే "ఇక ఒంటరిగా వద్దు నాన్నా, ఇల్లు అమ్మేసి వచ్చేయండి" అంటాడని భయం. ఆ భయం తప్పు కాదు. కానీ మొదటిసారి ఊరికే పడ్డవాళ్ళే రెండోసారి ఎముక విరగ్గొట్టుకుంటారు. మొదటి పడడమే మనకి దొరికే కబురు. ఇక్కడున్న పిల్లలకి ఒక మాట: అమ్మానాన్న పడ్డామని చెబితే ముందు తిట్టకండి. తిడితే రెండోసారి చెప్పరు.

తలకి దెబ్బ తగిలితే, అప్పుడు బాగానే ఉన్నా రెండు మూడు వారాల తర్వాత కూడా తలనొప్పి, మగతగా ఉండడం, ఒక కాలు ఈడ్వడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే స్కాన్ తీయించాలి. పెద్దవాళ్ళలో మెదడు పైన రక్తం మెల్లగా చేరుతుంది. గుండెకి రక్తం పలచబడే మాత్ర వాడేవాళ్ళలో మరీను. దాన్ని మతిమరుపు అనుకుని ఇంట్లో ఉంచేసినవాళ్ళని చూశాను. సకాలంలో తీసుకొస్తే చాలామంది మామూలు మనుషులైపోతారు. తుంటి దగ్గర నొప్పితో కాలు మోపలేకపోతే నూనె రాసి పిసికించకండి, నాటుకట్టు కట్టించకండి. పడుకోబెట్టి తీసుకురండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఏటా ఫ్లూ టీకా, 65 దాటితే న్యుమోనియా టీకా, మీ డాక్టర్‌ని అడగండి. 70 నిండినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు, ఆధార్ పట్టుకెళ్ళి తీసుకోండి. 14567 అని పెద్దవాళ్ళ కోసమే ఒక హెల్ప్‌లైన్ ఉంది, డబ్బులు పడవు. ఈ నంబరు గుర్తుపెట్టుకోవద్దు, ఫోన్ మీద కాగితం అంటించుకోండి.

ఇక ప్రసంగం చాలు. సెక్రటరీ గారూ, ఆ కుర్చీకి ఎదురుగా పది అడుగుల దూరంలో, అంటే మూడు మీటర్లు, సుద్దముక్కతో ఒక గీత గీయించండి. ఒక్కొక్కరు వచ్చి కుర్చీలో కూర్చోవాలి. నేను "ఊఁ" అనగానే లేచి, మామూలుగా మీ నడకతో గీత దాకా వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోవాలి. పరుగెత్తక్కర్లేదు, పోటీ కాదు. చేతికర్ర ఉన్నవాళ్ళు కర్రతోనే. 12 సెకన్లు, ఆ పైన పట్టినవాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, పేరు నా చెవిలో చెప్పండి, వచ్చే వారం క్లినిక్‌కి మందుల సంచీతో రండి, ఫీజు లేదు. పక్కన మా నర్సు నిలబడి ఉంటుంది, పట్టుకోవడానికి.

ముందు నేను కూర్చుంటాను. మొన్న ఆగస్టుకి నాకు అరవై నిండాయి, నేనూ మీ బాపతే. వాచీ ఎవరి దగ్గరుంది? మాస్టారూ, మీరు చూడండి. చేతులు ఆన్చితే చెప్పండి, మళ్ళీ మొదలుపెడతాను.